చూడామణి నోట రాని మాట

పొద్దున్నే చూడామణి నాలుక మీద ఎవరో తెల్ల దుప్పటి పరిచి, భోజనాలకు బంతి కట్టి కూర్చున్నారు. ఆవిడ అద్దంలో చూసుకుని, ‘అయ్యో, విస్తళ్ళు వెయ్యలేదే’ అనుకుంటుంది. పుట్టిందీ మెట్టిందీ గోదావరి జిల్లాలోనే మరి. దొంగ వచ్చినా మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టే రకం.

వచ్చినవాళ్ళు పెద్ద ఘనులేమీ కారు. స్నానాలగది గోడమీది బూజు, పావురాల రెట్టలోంచి లేచిన దుమ్ము, ఇన్నాళ్ళూ నోట్లోనే ఓ మూల ఒదిగి బతికిన తెల్లపూత. మామూలు రోజుల్లో అయితే ఒంట్లోని కాపలావాళ్ళు వీళ్ళని గడప దగ్గరే ఆపేసేవారు. ఇప్పుడు వాళ్ళంతా అరుగు మీద వరసగా పడుకుని గురక పెడుతున్నారు. డాక్టరే రోజూ మాత్రలతో జోకొడుతున్నాడు. మెలకువగా ఉంటే, ఆడబిడ్డ వింధ్యమ్మ ఇచ్చిన కిడ్నీని పరాయిదంటూ మెడపట్టి గెంటేస్తారని ఆయన భయం. కిడ్నీకి మెడెక్కడిదని నన్నడక్కండి.

“పిలవని పేరంటానికి వచ్చాం, ఏవనుకోకండమ్మా,” అంటుంది బూజు. “ఖాళీ కనబడితే కూచుంటావండి. అంతకు మించి మాకే చెడ్డబుద్ధీ లేదండి, ఆయ్.”

“దానికేవుందండీ, ఇంకాస్త జరిగి కూచోండి,” అంటుంది చూడామణి.

మధ్యాహ్నానికి ఊపిరితిత్తుల్లో గదులు పొడుగవుతాయి. ఆ చివరనుంచి ఈ చివరకు నడిచొచ్చేసరికి ఊపిరికే ఆయాసం వస్తుంది. చిన్నప్పుడు వచ్చి పోయిందనుకున్న ఆటలమ్మ వెన్నుపూస వెనకనుంచి బయటికొచ్చి, “నేనెక్కడికీ పోలేదమ్మాయ్,” అంటూ నడుముకి ఒక పక్కన నిప్పుల ముగ్గు పెడుతుంది. ఒళ్ళు కాలిపోతుంది.

సాయంత్రం అతిథులు కిడ్నీ గది తలుపు తడతారు.

“ఈ గదెవరిదండీ?”

అప్పుడు చూడామణికి భయం వేస్తుంది. వదిన తన ఒంట్లోంచి కోసి ఇచ్చిన గది అది. అదే పోతే ఆవిడ మొహం ఎలా చూడాలి? చూడ్డానికి అసలు తనంటూ మిగలాలి కదా.

“ఇంక వెళ్ళిరండి,” అంటుంది చేతులు జోడించి.

అతిథులు బుద్ధిగా లేచి వీధి చివరిదాకా వెళతారు. తిరిగి వస్తారు. చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొస్తారు.

“వెళ్ళి రమ్మన్నారు కదండీ,” అంటుంది బూజు. ఆ మాటా నిజమే.

కబురందుకుని వింధ్యమ్మ డాక్టర్ని తీసుకొస్తుంది. ఆయన చూడామణి నోట్లో మందు పోస్తాడు. అతిథులు లేచి నిలబడతారు గాని కదలరు. “ఇంటావిడ చెప్పాలి కదండీ,” అంటారు.

“ ‘పొండి’ అనవే,” అంటుంది వింధ్యమ్మ.

“ఇంటికొచ్చినోళ్ళనా? చచ్చినా అనలేను వదినా.”

“చస్తే ఎలాగూ అనలేవు. అందుకే ఇప్పుడను.”

చూడామణి నోరు తెరుస్తుంది. పుట్టి బుద్ధెరిగి వాడని మాట, చేపముల్లులా గొంతుకి అడ్డం పడుతుంది. ఎదురుగా వదిన, తన కుట్టు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ఆ చెయ్యి చూడగానే చూడామణికి ఏడుపొస్తుంది, కోపమూ వస్తుంది.

“పొండి!”

మాట పనసకాయంత బయటికొచ్చి దబ్బున నేలమీద పడుతుంది.

“ఇంత వివరంగా ముందే చెబితే ఎప్పుడో పోయేవాళ్ళం కదండీ,” అని బూజు దుప్పటి మడత పెడుతుంది. అంతా వెళ్ళిపోతారు. ఆటలమ్మ మాత్రం వెన్నుపూస వెనక్కి పోయి తలుపేసుకుంటుంది. ఆవిడది సొంతిల్లు.

వింధ్యమ్మ చెంబెత్తి గటగటా నీళ్ళు తాగుతుంది. చూడామణి దాహం తీరుతుంది. లోపల కిడ్నీ లాకులెత్తేస్తుంది. నీళ్ళు పెరట్లోంచి వీధిలోకి కాలువై పారి, ఇల్లు పునాదులొదిలి తేలుతుంది. కుడివైపు వింధ్యమ్మ తెడ్డు వేస్తుంటే చూడామణి చెయ్యి నొప్పెడుతుంది. ఎడమవైపు చూడామణి వేస్తుంటే వింధ్యమ్మకి చెమట పడుతుంది. ఇల్లు తిన్నగా సముద్రం వైపు సాగుతుంది.