బోరు ఊపిరి

పొద్దున్నే ఆవుకు మేత వేసి, వాకిలి చిమ్మి, కదిరమ్మ చేలోకి పోయి ఎండిన బోరు మూతి మీది బండను పక్కకు తోసేది. గంటసేపు దాన్ని ఊపిరి తీసుకోనిచ్చి, పిల్లలు రాళ్లు వేస్తారని మళ్లీ మూసేది. శింగనమల చుట్టుపక్కల ఎండిపోయిన బోర్లకు కొదవ లేదు. ఆమె మొగుడు తిమ్మన్న వేయించిన మూడింట్లో ఊపిరి తీసుకునేది ఇదొక్కటే. నీళ్లివ్వని బోరు ఊపిరి తీసుకుంటే ఎవడికి లాభమని తిమ్మన్న తిట్టేవాడు. ఊరి ఆడవాళ్లకు మాత్రం దానితో పనుండేది. కాన్పు నొప్పులు నిజమైనవైతే బోరు ఆ మనిషితో పాటే రొప్పేది. దొంగనొప్పులైతే తన మానాన తానుండేది.

కూతురు మల్లీశ్వరిది తొలిచూలు. తొమ్మిదో నెలలో పుట్టింటికి వచ్చింది. ఏదైనా తెలుసుకుంటే గానీ కూడు సయించని పిల్ల. నొప్పులు ఎట్లా మొదలవుతాయి, ఎంతసేపుంటాయి, బిడ్డ వచ్చేటప్పుడు ఎట్లుంటుంది అని కనపడిన ఆడమనిషినల్లా అడిగేది. ఒక్కరూ చెప్పరు. తొలిచూలుదానికి కాన్పు మాట చెప్పకూడదట, భయపడుతుందట. ఐదుగురిని కన్న మనిషి కూడా నోరు మూసుకుని చెనక్కాయలు ఒలుచుకునేది. చెప్పకపోతే భయం పోతుందా? బావిలోకి దించి, లోతెంతో అడగొద్దన్నట్టు లేదూ?

"ఎట్లుంటాది మా?" అని తల్లిని అడిగితే, "వచ్చినప్పుడు నీకే తెలుస్తాది పో" అనేది కదిరమ్మ.

ఆ తెలియకపోవడంతోనే సోమవారం నడుము పట్టేస్తే, బోరు మాట కూడా మరిచి ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తారు. నర్సు ఎలిజబెత్ చూసి, ఇవి దొంగనొప్పులంది. నిజమైనవైతే నడిచినా పడుకున్నా తగ్గవని, రానురాను దగ్గరవుతాయని, గట్టిపడతాయని విడమరిచి చెప్పింది. ఒక మనిషి నోరు విప్పి చెప్పడం మల్లీశ్వరికి అదే మొదలు. ఆమెను పట్టుకుని ఇంకో పది ప్రశ్నలు వేసింది.

"నా కుర్చీ నీకే ఇస్తాలే గానీ, ముందు ఆటో ఎక్కమ్మా" అంది ఎలిజబెత్.

శుక్రవారం తెల్లారేసరికి నెత్తుటి చారతో జిగురు కనపడింది. నొప్పి నడుములో పుట్టి పొట్ట ముందుకు చుట్టుకొచ్చింది. తిమ్మన్న తల్లి సుంకమ్మ మనవరాలిని చేలోకి నడిపించింది. నొప్పి రాగానే బోరు పొడుగ్గా ఊపిరి వదిలింది. నొప్పి పోగానే ఊరుకుంది. మళ్లీ వచ్చింది, మళ్లీ వదిలింది.

"ఇవి నిజమైనవే. బయల్దేరండి" అంది సుంకమ్మ. తాను బోరు దగ్గరే ఉంటానని, కావాలంటే ఫోను చేయమని చెప్పింది.

ఆసుపత్రిలో పొద్దు నెత్తి మీదికొచ్చింది. తొలికాన్పుకు పన్నెండు గంటలు పట్టినా వింత కాదని ఎలిజబెత్ చెప్పింది. నడవమంది, గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగమంది, మాటిమాటికీ బిడ్డ గుండె విన్నది. ఉమ్మనీరు పోయాక నొప్పులు సందివ్వలేదు. ఒళ్లు వణికింది, వాంతి అయింది, ముక్కాలనిపించింది. గర్భసంచి మూతి ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. ఇప్పుడే ముక్కితే అది వాచిపోతుందని, బిడ్డకూ కష్టమని, అప్పుడు అనంతపురం పంపాల్సి వస్తుందని ఎలిజబెత్ హెచ్చరించింది.

"నా వల్ల కాదు సిస్టర్. దానంతటదే ముక్కొస్తాంది."

కదిరమ్మ ఫోను కలిపి కూతురి చెవి దగ్గర పెట్టింది. అవతల సుంకమ్మ తన ఫోనును బోరు మూతి మీద పట్టుకుంది. వేడి గంజిని ఊదినట్టు చిన్న చిన్న ఊపిర్లు వినపడ్డాయి.

"అది సరిగ్గానే చెప్తాంది. అట్లే ఊదు" అంది ఎలిజబెత్.

మల్లీశ్వరి ఊదింది. అరగంట దానితో పాటు ఊదింది. ఉన్నట్టుండి బోరు ఆగి, లోపలికి గట్టిగా పీల్చుకుంది. ఎలిజబెత్ పరీక్ష చేసి, ఇప్పుడు ముక్కమంది.

ఆడపిల్ల. బయటికైతే వచ్చింది, ఏడవలేదు. నేరేడు పండు రంగులో వేలాడిపోయింది. ఎలిజబెత్ గబగబా తుడిచి వీపు రుద్దింది. అన్నీ అడిగే మల్లీశ్వరికి అది ఒక్కటీ అడగడానికి నోరు రాలేదు. ఫోనులో బోరు ఊపిరి వదలడం మొదలుపెట్టింది. ఎంతకూ తెగని ఊపిరి, ఆరేడువందల అడుగుల లోతునుంచి వస్తున్న ఊపిరి. అది తెగిన చోట బిడ్డ నోరు తెరిచి పీల్చుకుని, కేరుమంది.

"బోరు నిలిచిపోయినాది మే" అంది ఫోనులో సుంకమ్మ. "పిల్ల బాగుండాదా?"

"ఏడుస్తాంది అత్తా" అంది కదిరమ్మ, తానూ ఏడుస్తూ.

బోరు మళ్లీ ఊపిరి తీసుకోలేదు. తిమ్మన్న దాన్ని మట్టితో పూడ్చేశాడు.

పదకొండో రోజు పక్కింటి పుష్పావతి, ఆమెదీ తొలిచూలే, నడుము పట్టుకుని వచ్చింది. చేలోకి పోలేదు. నేరుగా ఉయ్యాల దగ్గరికొచ్చి కూర్చుంది. నొప్పి రాగానే, నిద్రపోతున్న పసిది పొడుగ్గా ఊపిరి వదిలింది. నొప్పి తగ్గేదాకా వదులుతూనే ఉంది. కదిరమ్మ ఆటోకు ఫోను చేసింది.

"ఇట్ల రా అక్కా. యాడ మొదలై యాడికి పోతాదో అంతా చెప్తా" అని మల్లీశ్వరి పుష్పావతి పక్కన చేరింది. కదిరమ్మ అడ్డం రాబోయి, ఊరుకుంది.

సుంకమ్మ ఉయ్యాలలోకి వంగి చూసింది.

"దీనికి కడుపు నిండా పాలియ్యి మే. ఇంక ఈ ఊర్లో దీనికి తీరికుండదు."