గొడ్లపాకలో పడిన రాయి

ఆ పొద్దున దివిసీమ లంకల్లో ఆ చప్పుడు వినని మనిషి లేడు. మబ్బు తునకైనా లేని ఆకాశం పెద్దగా ఉరిమింది. బందరు రేవులో ఫిరంగి పేల్చారనుకున్నారు కొందరు. గుల్లలంకలో మాత్రం ఆ వెంటనే మునసబు నాగభూషణరావుగారి గొడ్లపాక తాటాకు కప్పుకి చిల్లిపడింది. ఈనడానికి సిద్ధంగా ఉన్న ఆవు నడుం విరిగి కూలబడి, కాసేపటికి ప్రాణం విడిచింది. దాని పక్కన నేలలో కొబ్బరికాయంత నల్లరాయి దిగబడి ఉంది.

చప్పుడు మునసబుగారూ విన్నారు. అయినా ఆయన పైకి చూడలేదు. పక్క చేలోకి చూశారు. అక్కడ మంచె మీద సామ్యేలు వడిసెల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

వరి కోతకొచ్చిన రోజులు. పిట్టల్ని తోలడం సామ్యేలు పని. వడిసెలలో పెట్టి విసిరేది ఎండిన మట్టి ఉండలు. దివిసీమలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టి వస్తుంది గాని గులకరాయి దొరకదని మునసబుగారికీ తెలుసు. కానీ ఊరవతలి పల్లెవాళ్లు నడిచే గట్టుకి ఆయన కంచె వేయించినప్పుడు "మేం ఎగిరి పోవాలాండి?" అని అడిగినవాడు ఈ సామ్యేలే. ఆ మంట ఆయనకింకా చల్లారలేదు.

"కక్షగట్టి నా గోవుని చంపాడు. వీణ్ణి బొండలో వెయ్యండిరా!" అన్నారు.

చావడి అరుగు మీద ఉండేదా బొండ. రెండు బరువైన దుంగల మధ్య చిల్లుల్లో మనిషి కాళ్లు పెట్టి తాళం వేస్తారు. ఇక లేవడానికి లేదు, పడుకోవడానికి లేదు. ఊళ్లో పెద్దకులంవాడు ఎంత తప్పు చేసినా అందులో వెయ్యరు. అది పల్లెవాళ్ల కాళ్లకోసం చేయించింది. సర్కారు చట్టమే అలా ఉండేది ఆ రోజుల్లో.

సామ్యేలు అక్క కృపావతి బందరులో ఆడపిల్లల బడి పంతులమ్మ. క్రిస్మసు సెలవులకి ఇంటికొచ్చి ఉంది. కబురు వినగానే పరుగున చావడికి వచ్చింది. తమ్ముడి మడమల దగ్గర చర్మం అప్పుడే చెక్కుకుపోయి ఉంది.

"నేను విసర్లేదక్కా," అన్నాడు సామ్యేలు.

"ఆ సంగతి నాకు చెప్పాలా?" అని ఆమె మునసబుగారి వైపు తిరిగింది. "మునసబుగారూ, ఆ రాయి వడిసెలలో పడుతుందా? మీరే పెట్టి చూడండి."

"చేత్తో విసిరుంటాడు."

"ఆ మంచె మీంచి మీ పాకదాకానా? అంత బరువు రాయినా?"

"నాలుగక్షరాలొచ్చేసరికి నోరు లేస్తోందే! రేపు పొద్దున్నే అవనిగడ్డ ఠాణాకి పంపిస్తాను వీణ్ణి. అక్కడ చెప్పుకో."

అరుగు మీద కూర్చున్న కరణం శేషగిరిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఆకాశంలోంచి రాళ్లు పడతాయని విన్నాను. ఉల్కంటావా అమ్మాయ్?"

కృపావతి వెంటనే అవునని అనలేదు. అవునన్నాక తీరా కాకపోతే, ఆ అబద్ధం కూడా తమ్ముడి నెత్తినే పడుతుంది. "చూడకుండా చెప్పలేనండి. చూడనివ్వండి," అంది.

చూడనిద్దామన్న కరణంగారి మాట కాదనలేక మునసబుగారు ఒప్పుకున్నారు. ముందు పాక చూశారు. కప్పులో చిల్లి, నేలలో గుంట దాదాపు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పాక ఊడ్చే పున్నమ్మ గోడవారగా నిలబడి ఉంది. కృపావతి ఆమెని అడిగింది: "రాయి ఎటునించి వచ్చింది పిన్నీ?"

పున్నమ్మ మునసబుగారి మొహం చూసి తలొంచుకుంది. అయినా, "పైనించేనమ్మా. నా ఎదురుగానే పడింది," అంది.

"నిన్నెవరడిగారే?" అని ఆయన గద్దించారు. అడిగింది కృపావతేనని అందరూ చూశారు.

రాయిని చావడికి తెచ్చారు. దాని ఒళ్లంతా మాడిన కుండ అడుగులా నల్లటి పలచని పొర. మెత్తటి మట్టిలో వేలు నొక్కినట్టు అక్కడక్కడా సొట్టలు. కృపావతి పల్లె పిల్లలకి చూపిద్దామని బడి నుంచి తెచ్చిన అయస్కాంతాన్ని, ఒక పింగాణీ గిన్నెని ఇంటినుంచి తెప్పించింది. ముందు అయస్కాంతం దగ్గర పెట్టింది. టక్కున అంటుకుంది.

"కొలిమిలో మిగిలే ఇనప చిట్టెం కూడా అంటుకుంటుంది గదమ్మా," అన్నారు కరణంగారు.

"నిజమేనండి. కానీ చిట్టెం నిండా బుడగల తొర్రలుంటాయి. దీనికి ఒక్కటి కూడా లేదు." పింగాణీ గిన్నె బోర్లించి, మెరుగు లేని అడుగు మీద రాయిని రుద్దింది. "ఇనప ఖనిజమైతే ఎర్రగానో నల్లగానో గీత పడాలి. పడలేదు చూడండి." పెంకు లేచిన అంచుని వెలుగులో పెట్టింది. నల్లటి పొర కింద లేత బూడిదరంగు, అందులో ఇసకరేణువుల్లాగా తళతళలాడే ఇనుము.

ఆమె కరణంగారి వైపు తిరిగింది. "బందరు పాతరేవులో ఓడలవాళ్లు బరువుకోసం తెచ్చి పారేసిన రాళ్లు చాలా చూశాను. వాటికి ఈ కాలిన తోలు ఉండదు. చప్పుడు ఊరంతా విన్నారు. పడటం పున్నమ్మ చూసింది. ఇది పైనించి పడిందేనండి."

"ఉల్కాశిలే, సందేహం లేదు," అన్నారు కరణంగారు.

మునసబుగారి మొహం మారిపోయింది. కాసేపటి క్రితం దాకా హంతకుడి ఆయుధమైన రాయికి ఆయన రెండు చేతులూ జోడించారు. "దేవుడు నా ఇంటికే పంపించాడన్నమాట! పసుపు తీసుకురండి. కొబ్బరికాయ తెండి!"

పసుపూ కుంకుమా వచ్చాయి. కర్పూరం వెలిగింది. కొబ్బరికాయ కొట్టారు. ఊరి ఆడవాళ్లు దణ్ణాలు పెట్టారు. "నువ్వు వెనక్కి జరుగు, అంటు తగుల్తుంది," అని ఎవరో కృపావతిని తోశారు. అంతసేపూ ఆ రాయిని ఒళ్లో పెట్టుకుని చూసింది ఆమే. ఇన్ని జరుగుతున్నా అదే అరుగు మీద సామ్యేలు కాళ్లు బొండలోనే ఉన్నాయి. ఆ ఒక్కటీ ఎవరికీ గుర్తు రాలేదు.

కృపావతి గొంతు చావడి దద్దరిల్లేలా లేచింది. "మీ దేవుడికి హారతి తర్వాత ఇద్దురుగాని! ముందు నా తమ్ముడి కాళ్లు వదలండి!"

హారతి పళ్లెం ఆగిపోయింది. "ఆ, తియ్యండిరా," అన్నారు మునసబుగారు, అదేదో పక్కన పెట్టిన చెంబు తీయమన్నట్టు.

"అంతేనాండి?"

"ఇంకేముంది? అనుమానమొచ్చింది, వేశాం. తీరింది, తీశాం."

సామ్యేలు లేవబోయి తూలాడు. కృపావతి భుజమిచ్చి నడిపించుకుపోయింది.

మర్నాడు మునసబుగారి చేలో కోత. పల్లెనుంచి ఒక్క కొడవలీ రాలేదు. ఆయన మనిషిని పంపించారు. "సామ్యేలు విసర్లేదని, బొండలో వేసింది తప్పని చావడిలో నలుగురి ముందూ చెప్పమనండి, వస్తాం," అని కబురు పెట్టారు పల్లె పెద్దలు. ఆయన మండిపడ్డారు. బంటుమిల్లి వైపునుంచి కూలీల్ని తెప్పిస్తానన్నారు. కోతల రోజుల్లో ఎవరొస్తారు? పండిన వెన్నులు రాలడం మొదలైంది. పిట్టల్ని తోలేవాడు కూడా లేడు.

చివరికి ఒక పొద్దున ఆయన చావడికొచ్చారు. పల్లె మొత్తం అరుగు కింద నిలబడింది.

"సామ్యేలు విసర్లేదు," అన్నారు నేల చూస్తూ.

"వినపళ్లేదండి," అన్నాడు సామ్యేలు.

ఈసారి ఆయన గొంతు పెంచారు. "సామ్యేలు రాయి విసర్లేదు. బొండలో వేయించడం నా తప్పే."

వెనక ఆడవాళ్లలో కదలిక వచ్చింది. కొడవళ్లు చేతుల్లోకి వచ్చాయి. "చాల్లే అక్కా, చెప్పాడుగా," అని సామ్యేలు చెయ్యి పట్టుకుని లాగాడు.

కృపావతి కదల్లేదు. "చెప్పారు సరే. రేపు ఇంకో ఆవు చస్తే, ఇంకో కప్పు కూలితే, మళ్లీ మా పల్లెవైపే చూస్తారా మునసబుగారూ?"

ఆయన గొడుగు విప్పుకుని ఇంటిదారి పట్టారు. ఆయన మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా కృపావతి అక్కడే నిలబడింది. తర్వాత చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, మిగతావాళ్ల వెంట చేలోకి దిగింది.