నాలుగు గాట్ల కాయ

పొద్దుటినుంచి ధాపూకి కాలు ఒకచోట నిలవడం లేదు. చేనికి వెళ్తుంది, పూరేకులు రాలిన గసగసాల కాయల్ని బొటనవేలితో నొక్కి చూస్తుంది, మళ్ళీ ఇంటికొస్తుంది. రేపు కాళికమ్మకి కొబ్బరికాయ కొట్టి నల్లమందు పాలు కారేలా కాయలకి తొలిగాటు పెట్టాలి. లేదంటే రేపు పొద్దున్నే దరఖాస్తు ఇచ్చి, పచ్చటి చేను మొత్తం ఆఫీసర్ల కళ్ళముందే దున్నించెయ్యాలి. ఒక్క కాయకి గాటు పడినా ఆ దరఖాస్తు చెల్లదు.

దున్నితే ఈ ఏడు చిల్లిగవ్వ రాదు గానీ సర్కారిచ్చిన నల్లమందు సాగు పట్టా నిలుస్తుంది. గాట్లు పెట్టాక పాలలో మార్ఫిన్ సర్కారు లెక్కకి తగ్గిందా, పట్టా కొట్టేస్తారు. యాభై ఏళ్ళుగా ఆ పట్టా అత్త జడావ్‌బాయి పేరు మీద ఉంది. పోయిన ఏడు చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు గట్టెక్కారు. మొగుడు డాలూరాం మహా తెలివైనవాడు. “అత్తాకోడళ్ళు తేల్చుకోండి, నేను వెల్లుల్లి అమ్ముకొస్తా” అని మండీకి జారుకున్నాడు.

ఉండబట్టలేక ధాపూ పరిశోధన కేంద్రానికి కబురు పెట్టింది. మధ్యాహ్నానికి సోన్‌గరా మేడం స్కూటీ మీద వచ్చింది. చేనంతా తిరిగింది, వేళ్ళు చూసింది, ఆకులు తిరగేసింది.

“తెగులేం లేదు ధాపూబాయీ. నీళ్ళూ ఎరువూ బాగానే పెట్టావు.”

“మరి పాలెందుకు తగ్గుతున్నాయి మేడం? ఏటికేడాది ఒక్కో పిసరు.”

మేడం గట్టు మీది బ్రహ్మదండి కొమ్మ తుంచింది. పసుప్పచ్చటి పాలు కారాయి. “ఇదీ మీ గసగసాల మొక్కా ఒకటే వంశం, తెలుసా? రెండింటికీ పాలున్నాయి. దీని పాలలో మాత్రం మార్ఫిన్ పుట్టదు. మార్ఫిన్‌ని మొక్క ఒక్కసారిగా చెయ్యదు, ఒక సరుకుని ఇంకో సరుకుగా మార్చుకుంటూ మెట్టుమెట్టుగా వండుతుంది. ఆ వంట తెలుసా లేదా, పాలెన్ని ఊరతాయి, అన్నీ విత్తనంలోనే వస్తాయి. నువ్వు విత్తనం ఎలా ఏరుతున్నావు?”

“దానికి వంక పెట్టడానికి లేదు” అంది ధాపూ రోషంగా. “చూద్దురుగాని రండి.”

కొట్టుగదిలో అమ్మవారి గూటి పక్కన ఎండుకాయల దండ వేలాడుతోంది. విత్తనం తీసిన కాయల్లోంచి ఏటా ఒకదాన్ని గుచ్చడం ఆ ఇంటి ఆచారం. మేడం దండని చేతిలోకి తీసుకుని ఒక్కో కాయా తిప్పి చూసింది.

“ఈ పాతవాటికి నాలుగేసి గాట్లున్నాయి. ఈ చివరి తొమ్మిదింటికీ ఒక్కోటేనేం?”

“నాలుగు గాట్లు పడ్డ కాయకి వాన తగిలితే బూజు పడుతుంది మేడం. ఒక్క గాటుతో ఆగిన కాయ చూడండి ఎంత నున్నగా ఉందో. గింజ కూడా బరువు.”

“ఒక్క గాటుతో ఎందుకాగింది?”

“తొలిగాటుకి పాలు దిగని కాయని మళ్ళీ ఎవరు ముట్టుకుంటారు? వట్టిపోయిన గేదెని రోజూ పితుకుతామా ఏంటి?”

నవ్వుతూనే అంది. ఆ నవ్వు నోట్లోనే ఎండిపోయింది.

“తొమ్మిదేళ్ళుగా ఆ వట్టి గేదెల దూడల్నే ఏరి పెంచావమ్మా” అంది మేడం. “విత్తనం నేనిస్తాను, వచ్చే ఏటికి. ఈ చేనుకి గాటు పెడితే మాత్రం గట్టెక్కరు.”

స్కూటీ వెళ్ళిపోయింది. ధాపూ గడపలోనే కూలబడింది. అత్త ఆ రోజుల్లో మూడో గాటుకి కూడా పాలు చిక్కగా కారే మొక్కలకి విత్తనం గుర్తుగా ఎర్రదారం కట్టేది. దిష్టి దారం కాబోలని కొత్తకోడలు ధాపూ నవ్వుకునేది. అత్తకి చూపు పోయాక ఆ పని ధాపూ మీద పడింది, తను కట్టనేలేదు. “దారాలు కట్టావా?” అని ఆవిడ ఏటా అడిగేది. “కట్టాను అత్తా” అని ఈవిడ ఏటా చెప్పేది.

మూలనున్న మంచం కిర్రుమంది. జడావ్‌బాయి అంతా విన్నది.

“అత్తా, నేను దారాలు కట్టలేదు. తొమ్మిదేళ్ళూ అబద్ధమే చెప్పాను.”

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“కళ్ళు పోయాయి గానీ వేళ్ళు పోలేదు కదే. ఏటా దండ తడిమేదాన్ని. ఒక్కటే గాటు తగిలేది.”

ధాపూకి ఒళ్ళు మండింది. “తెలిసీ నోరు మూసుక్కూర్చున్నావా? ఒక్కమాట అంటే నీ సొమ్మేం పోయేది?”

“నువ్వు ఎనిమిదో తరగతి చదివినదానివి. నేను వేలిముద్రదాన్ని. నీకేదో తెలిసే చేస్తున్నావనుకున్నా. కళ్ళులేనిదాని సణుగుడు అంటావని భయపడ్డా.” ముసలావిడ బొటనవేలు చాచింది. “ఆ దరఖాస్తు కాగితం పట్రా. పట్టా నా పేరున ఉంది, దున్నించేదీ నేనే.”

ధాపూ ఆ వేలికి సిరా పూసింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా.

మర్నాడు జీపు వచ్చింది, వెనకే ట్రాక్టరూ వచ్చింది. అటు పక్క చేలలో కొబ్బరికాయలు కొడుతున్నారు, ఇటు ధాపూ చేను పడిపోతోంది. గట్టు మీద నిలబడలేక ట్రాక్టరు వెనకే చాలు వెంబడి నడిచింది. చితికిన కాయల్ని ఒక్కోటే చూస్తూ వెళ్ళింది. తడి తగిలీ తగలనట్టుంది, అంతే.

బావి వైపు చివరి చాలులో ఆగిపోయింది. విరిగిన కాయ ఒకటి చిక్కటి తెల్లటి పాలు కారుస్తోంది. కారి కారి మట్టిలో ముద్దకట్టింది. ధాపూ చెయ్యి తనంతట తానే నడుము దగ్గర దారం కోసం వెతికింది. కాయ ఇంకా పచ్చిది, లోపల గింజ కట్టలేదు. “తప్పుకోమ్మా” అన్నాడు డ్రైవరు. తప్పుకుంది.

ఇంటికొచ్చేసరికి జడావ్‌బాయి మంచం మీద లేచి కూర్చుని ఉంది.

“పట్టా?”

“నిలిచింది అత్తా. రాసుకుని వెళ్ళారు.”

“మన పాత విత్తు ఏమైనా కనిపించిందా?”

“ఒక్కటి. బావి దగ్గర.”

“దారం కట్టావా?”

ధాపూ ఆవిడ పక్కన కూర్చుని, మట్టీ పాలూ అంటిన వేళ్ళని ఆ ముసలి చేతిలో పెట్టింది.

“కట్టలేదు అత్తా” అంది.