డీజిల్ బస్సుకు ముంతాజ్

నర్సింగ్ చేతికి కంపెనీ బస్సు వచ్చి రెండు నెలల ఇరవై రోజులైంది. ఇంకో పది రోజులు ఏ మాటా పడకుండా నడిపితే ట్రయలు ముగుస్తుంది, మేనేజరు ఒక కాగితం మీద సంతకం పెడతాడు. సంతకం పడితే అతను డ్రైవరు. పడకపోతే మళ్లీ సెంట్రింగు పనికి, నాలుగేళ్లు చెక్కలు మోసి నడుం పోగొట్టుకున్న చోటికే పోవాలి. హెవీ లైసెన్సు పరీక్షలో మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కిన మనిషికి ఆ కాగితం ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. జగిత్యాల దగ్గర ఊళ్లో అతని భార్య సరిత, మా ఆయన దుబాయిల డ్రైవరైండని వాడకట్టంతా ఎప్పుడో చెప్పేసింది. వాళ్ల ఊరికి బహ్రెయిన్ కూడా దుబాయే.

సంతకం పెట్టవలసిన మేనేజరు పేరు భీమేశ్వరరావు, కాకినాడ వైపు మనిషి. ఈ దేశం వచ్చి పదిహేడేళ్లయినా స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు. కారు వెనక సీట్లో కూర్చుని ఏసీ తన వైపు తిప్పించుకోవడమే ఆయనకు తెలిసిన మోటారు విద్య. అయినా కంపెనీ బళ్ల గురించి సర్క్యులర్లు రాసేది ఆయనే. టైర్లలో గాలి ఎంత ఉండాలో కూడా ఆయన సర్క్యులరే చెబుతుంది, గాలి మాత్రం వినదు.

ఆ ఏడాది సల్మాబాద్‌లో మా కంపెనీ క్యాంపుకు దగ్గర్లోనే కొత్తగా ఒక పెద్ద హోల్‌సేల్ గోదాం తెరిచారు. మా అంటున్నాను గానీ నేను ఆ క్యాంపు మనిషిని కాను, అక్కడివాళ్లు చెబితే విన్నవాణ్ణి. ఆ గోదాంలోకి సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లకే ప్రవేశం. సబ్బు కావాలంటే డజను కొనాలి, నూనె కావాలంటే డబ్బా కొనాలి. క్యాంపువాళ్లు దానికి కార్డు దుకాణం అని పేరు పెట్టుకున్నారు. పక్కనే సభ్యుల కోసమని పెట్రోలు బంకు కూడా పెట్టారు. భీమేశ్వరరావు మొదటి వారంలోనే సభ్యుడైపోయి, తన ఫోటో ఉన్న నీలం కార్డును అందరికీ కనపడేలా చొక్కా జేబుకు తగిలించుకున్నాడు.

ఆ బంకులో పోయించుకున్న ప్రతి లీటరుకూ పాయింట్లు పడతాయి. తగినన్ని పడితే నీలం కార్డు పోయి బంగారు రంగు కార్డు వస్తుంది. బంగారు రంగు కార్డువాళ్లకు గోదాంలోకి వేరే తలుపు. ఆ తలుపులోంచి ఒక్కసారైనా లోపలికి నడవకపోతే ఆయన జన్మ తరించేలా లేదు. సొంత కారు ఎంత తాగినా చిన్న ప్రాణం, కంపెనీ బస్సయితే దండిగా తాగుతుంది. అందుకని వెంటనే సర్క్యులర్ వచ్చింది. ఇకనుంచి కంపెనీ బళ్లన్నీ కార్డు దుకాణం బంకులోనే పోయించుకోవాలి, వేరే బంకు రసీదులు చెల్లవు.

చిక్కేమిటంటే ఆ బంకులో డీజిల్ లేదు. ఉన్నవి రెండు రకాల పెట్రోలు. ఒకటి జయ్యిద్, మామూలుది. రెండోది ముంతాజ్, దానికంటే మేలైనది. నర్సింగ్ ఆఫీసుకు వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, అండ్ల డీజిల్ లేదు. మనది డీజిల్ బస్సు."

"లేదని ఎవరన్నారయ్యా? మూడో పంపు ఉందిగా."

"ఉన్నది సార్. దానికి ప్లాస్టిక్ కవరు గట్టిన్రు. జల్ది వస్తదని బోర్డు పెట్టిన్రు."

"వస్తుందని రాశారంటే వస్తుంది. కాస్త ఓపిక పట్టు."

నర్సింగ్ ఓపిక పట్టాడు గానీ బస్సు పట్టలేదు. ముల్లు రోజురోజుకూ కిందికి దిగుతోంది. మామూలుగా అతను సిత్రా పోయే దారిలో, లారీలు ఆగే బంకులో డీజిల్ పోయించుకునేవాడు. ఇప్పుడు ఆ రసీదు తెస్తే ఆజ్ఞ ధిక్కరించినట్టు, తేకపోతే బస్సు ఆగిపోయినట్టు. రెండోసారి వెళ్లి చెప్పాడు. మూడోసారి వెళ్లేసరికి మేనేజరు ఒంటికాలి మీద లేచాడు.

"అసలు నీ బస్సు పొగ చూశావా? నల్లగా, వంటపొయ్యిలా. నాసిరకం నూనె పోస్తే అంతే మరి. రేపు ముంతాజ్ పోయించు."

"సార్, గా రెండూ పెట్రోలే సార్. ఇంజను ఖరాబైతది."

"నాకు పాఠాలు చెప్పకు. ట్రయల్లో ఉన్నావు, గుర్తుందా?"

ఆయన లెక్క ఆయనది. లోకంలో అన్నిటికీ హోదాలున్నట్టే నూనెకూ ఉంటాయి. డీజిల్ లేబరు తాగేది, జయ్యిద్ ఫోర్‌మను తాగేది, ముంతాజ్ మేనేజరు తాగేది. లేబరు స్థాయిలో ఉన్న బస్సుకు ఒక్కసారిగా మేనేజరు స్థాయి ఇస్తుంటే ఈ డ్రైవరుకు ఏం నొప్పి? ప్రమోషనిస్తే చేదయ్యేవాళ్లను ఆయన ఇంతవరకూ చూడలేదు.

ఇక్కడ కార్డు దుకాణంవాళ్ల రూలొకటి అడ్డం వచ్చింది. కార్డు మీద ఎవరి ఫోటో ఉందో ఆ మనిషే రావాలి, ఇంకొకరి చేతికిచ్చి పంపితే చెల్లదు. దాంతో మర్నాడు పొద్దున్న, పనికి బయల్దేరిన నలభై మందితో పాటు మేనేజరుగారు కూడా టై కట్టుకుని బస్సెక్కాడు. ముందు సీటును జేబురుమాలుతో తుడుచుకుని కూర్చున్నాడు. నర్సింగ్ వెనక సీట్లో ఎప్పుడూ కూర్చునే ముత్యం, వరసకు బావ, ఆ టైను చూసి ఇవాళ ఏదో జరుగుతుందని పక్కవాడికి చెప్పాడు.

పంపు దగ్గర డ్యూటీలో సైమన్ ఉన్నాడు. అమలాపురం మనిషి, తెలుగు చర్చి సహవాసంలో పాటలు పాడతాడు, గొంతు మెత్తన. మేనేజరు దిగి కార్డు తీసి చూపించి, ట్యాంకు నిండా ముంతాజ్ పొయ్యమన్నాడు.

"సార్, ఇది డీజిల్ బండండి. పెట్రోలు పోస్తే తప్పండి."

"కార్డు నీదా, నాదా?"

"మీదేనండి."

"మరి పొయ్యి."

సైమన్ కదల్లేదు. నర్సింగ్ బస్సు దిగొచ్చి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. కిటికీల్లోంచి నలభై తలకాయలు బయటికొచ్చాయి. అంతమంది చూస్తుండగా వెనక్కి తగ్గడం మేనేజర్ల వంశంలో లేదు. భీమేశ్వరరావు తనే పంపు గన్ను లాగి ట్యాంకు మూతిలో పెట్టాడు. అది సులువుగా లోపలికి వెళ్లింది, పెట్రోలు గన్ను సన్నగానే ఉంటుంది మరి.

"చూశావా? పట్టింది. పొయ్యకూడనిదైతే పట్టేదా?" అని నర్సింగ్ వైపు విజయగర్వంతో చూసి, డెబ్భై లీటర్లు పోశాడు. తర్వాత రసీదు తీసుకుని అందులో పాయింట్లు పడ్డాయో లేదో వేలు పెట్టి చూసుకున్నాడు.

నర్సింగ్ బస్సెక్కాడు. తాళంచెవి తిప్పితే ఆ పెట్రోలు ఇంజనులోకి పోతుంది. తిప్పకపోతే ట్యాంకులోనే ఉంటుంది, కడిగేస్తే సరి. అంతకుమించి అతనికి ఏమీ తోచలేదు. చెవి బయటికి లాగి జేబులో వేసుకున్నాడు.

"నేను తిప్ప సార్. నన్ను సెంట్రింగుకు పంపినా మంచిదే."

మేనేజరు బెదిరించాడు, బతిమాలాడు, తనే తిప్పుతానని చెయ్యి చాచి, ఎటు తిప్పాలో తెలియక ఊరుకున్నాడు. ముత్యం ముందు దిగాడు, మిగతావాళ్లు వెనకే దిగారు. బస్సును రెండు వీధుల అవతల ఉన్న పంజాబీ మేస్త్రీ గ్యారేజీ దాకా నెట్టుకుపోయారు. మేస్త్రీ ట్యాంకు వంపి, తాళం తిప్పలేదు గనక ఇంజను బతికిందన్నాడు. వంపిన ముంతాజ్ డబ్బాల్లో మేనేజరుగారి కారుకు చేరింది. జనం మాత్రం సైటుకు మూడు గంటలు ఆలస్యంగా చేరారు.

ఆ మూడు గంటలు కఫీల్, అంటే కంపెనీ యజమాని అరబ్బు, చెవిన పడ్డాయి. ఎవరి తప్పో రాసిమ్మన్నాడు. సాయంత్రం భీమేశ్వరరావు నర్సింగ్‌ను ఆఫీసుకు పిలిచి, స్వయంగా ఇంగ్లీషులో రాసిన కాగితం ముందు పెట్టాడు. నర్సింగ్ అనే డ్రైవరు పెట్రోలుకు, డీజిలుకు తేడా తెలియక బస్సులో పెట్రోలు పోశాడని దాని సారాంశం.

"సంతకం పెట్టావనుకో, మొదటి తప్పని క్షమించేస్తాను. నీ ట్రయలు కాగితం కూడా చేసేస్తాను. పెట్టనంటావా, రేపే సెంట్రింగు. ఆలోచించుకో."

నర్సింగ్ ఆలోచించాడు. కోపంతో చెవులు వేడెక్కాయి. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది, ఎందుకంటే పెన్ను అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. ఆ రాత్రి మెస్సులో ముత్యం అతని ఎదురుగా కూర్చున్నాడు.

"నలభై మందిమి జూసినం గదరా. అబద్ధం మీద పేరెట్ల పెట్టినవ్?"

"నేను సెంట్రింగు చేస్త గని గీ నడుం చెయ్యది బావా."

ముత్యం తన పళ్లెంలో ఉన్న గుడ్డు తీసి అతని పళ్లెంలో పెట్టాడు.

కఫీల్ కాగితం చదివి, అలాగైతే డ్రైవర్లకు క్లాసు చెప్పమన్నాడు. క్లాసు చెప్పడమంటే భీమేశ్వరరావుకు పరమానందం. శుక్రవారం భోజనాల వేళ మెస్సులో బోర్డు పెట్టించి, తినడానికొచ్చిన క్యాంపునంతా కూర్చోబెట్టాడు. దారిలో పోతూ కఫీల్ కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా మనవాళ్లతో పనిచేయిస్తున్న మనిషి, హిందీ బాగా వచ్చు, తెలుగు ముక్క రాదు. మేనేజరు బోర్డు మీద జయ్యిద్, ముంతాజ్, డీజిల్ అని రాసి, మొన్న మేస్త్రీ దగ్గర నేర్చుకున్నదంతా తాను పుట్టుకతో ఎరిగినట్టు చెప్పాడు. చివరికి నర్సింగ్ వైపు తిరిగాడు.

"లేవయ్యా. ఆ తప్పు ఎలా చేశావో నీ నోటితోనే చెప్పు. అందరికీ బుద్ధొస్తుంది."

నర్సింగ్ లేచాడు. చెప్పకూడదనే లేచాడు. కానీ సంతకం పెట్టినందుకు మూడు రోజులుగా అన్నం సయించని మనిషి, నోరు తెరిచేసరికి అదే వచ్చేసింది.

"తప్పు నాదే. కాయితం మీద ఉన్నది. నేను పొద్దుగాల టై గట్టుకొని బస్సెక్కిన. సీటు దస్తీతోని తుడుసుకొని కూసున్న. బంకుల నా ఫోటో ఉన్న కార్డు తీసి జూపెట్టిన. పంపాయన ఇది డీజిల్ బండి, తప్పన్నడు. నేను ఇనలే. డ్రైవరు దండం బెట్టిండు. నేను ఇనలే. గన్ను వట్టింది గద, అంటే పొయ్యచ్చన్న. పోసినంక పాయింట్లు పడ్డయా లేదా అని ఏలువెట్టి జూసుకున్న."

ముత్యం మొదట నవ్వాడు. తర్వాత మెస్సంతా నవ్వింది, వంటవాడు గరిటె వదిలేసి నవ్వాడు. భీమేశ్వరరావుకు కాదనడానికి లేదు, ఆ తప్పు నర్సింగ్‌దేనని రాసింది తనే. కఫీల్ ఎందుకు నవ్వుతున్నారని హిందీలో అడిగాడు. తప్పు ఒప్పుకుంటున్నాడు బాబా, అన్నాడు మేనేజరు.

కఫీల్ మొహం ముడుచుకున్నాడు. "తేడా తెలియనివాడికి బస్సెందుకు? ఖలాస్. సైటు పనికి పంపు."

నర్సింగ్ అబద్ధం మీద సంతకం పెట్టి నిలుపుకున్నది కూడా పోతోంది. హిందీలో నెమ్మదిగా అన్నాడు.

"బాబా, ఇప్పుడు వీళ్లకు చెప్పిందంతా మీకు హిందీలో చెప్పమంటారా?"

"చెప్పు," అన్నాడు కఫీల్.

భీమేశ్వరరావు ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడ్డాడు. ఇతని అంత మంచి డ్రైవరు కంపెనీలో లేడన్నాడు. ఫైల్లోంచి ట్రయలు కాగితం లాగి, గోడకు ఆనించి, నూనెల తేడా క్షుణ్ణంగా తెలిసినవాడని రాసి, గబగబా సంతకం గిలికి కఫీల్ చేతికిచ్చాడు. కఫీల్ ఆ కాగితం, అదే ఫైల్లో ఉన్న మొన్నటి కాగితం పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఇందులో తెలియదన్నావు. ఇందులో తెలుసన్నావు. రెండూ నీ రాతే."

మేనేజరు బోర్డు వైపు చెయ్యి చూపించాడు. "మధ్యలో నా క్లాసు జరిగింది కదా బాబా."

కఫీల్ నమ్మాడో, నమ్మినట్టు ఊరుకున్నాడో ఎవరికీ అంతుపట్టలేదు. ట్రయలు కాగితం నర్సింగ్ చేతిలో పెట్టాడు.

"అంత మంచి క్లాసైతే ప్రతి శుక్రవారం పెట్టు. ఇతను ఇలాగే చెప్పాలి, నవ్వుతూ నేర్చుకుంటున్నారు. నువ్వు పక్కన నిలబడు."

మరుసటి శుక్రవారం నువైద్రాత్ క్యాంపు నుంచి కూడా జనం వచ్చారు, బెంచీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. భీమేశ్వరరావు బోర్డు పక్కన, టై లేకుండా, నేల చూస్తూ ఉన్నాడు. కంపెనీ డ్రైవరు నర్సింగ్ లేచి, గొంతు సవరించుకుని, "తప్పు నాదే. పొద్దుగాల నేను టై గట్టుకున్న," అని మొదలుపెట్టాడు.