తువ్వాలు వేలాడినంతసేపు

ఇంట్లో కూర్చుని చేసే పనంటే లోకానికి లోకువ. అందులోనూ మనవాడి ఆఫీసు బట్టల అల్మారా! చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి గ్రంథాలయానికి పంపడం అతని ఉద్యోగం. చుట్టూ దుప్పట్లు వేలాడుతుంటే గొంతు గదిలో మోగకుండా శుభ్రంగా వస్తుంది. "నా మొగుడు అల్మారాలో ఉంటాడని పెళ్లికి ముందే చెప్పాల్సింది" అని నవ్వుకుంటూ నర్సు భార్య డ్యూటీకి వెళ్లిపోయేది.

దుప్పట్లు ఆపలేనిది ఒక్కటే, పై అంతస్తులో కుట్టు పిన్ని మిషన్. అది టకటకమందంటే సామ్రాజ్యాలైనా సరే ఆ చప్పుడులో కొట్టుకుపోవాల్సిందే. దాని మూలంగా ఇప్పటికే రెండు పుస్తకాలు ఆలస్యమయ్యాయి. మూడోది ఈ చరిత్ర పుస్తకం. పదిహేను రోజుల్లో పరీక్షలు. వచ్చే వారం శనివారానికి అందకపోతే ఇక మీకు పని ఇవ్వం అని గ్రంథాలయం వాళ్లు ముఖం మీదే చెప్పేశారు.

చేసేది లేక మెట్లెక్కి పిన్నిని బతిమాలుకున్నాడు.

"నా పొట్ట కూడా మిషన్ మీదే కదా బాబూ" అంటూనే ఆవిడ ఉపాయం చెప్పింది. "చదివేటప్పుడు మీ బాల్కనీ కమ్మీ మీద ఎర్ర తువ్వాలు వెయ్యి. అది కనపడినంతసేపు నేను బొత్తాలూ కాజాలూ చేత్తో కుట్టుకుంటా. తీశావంటే మిషన్ తొక్కుతా."

వారం రోజులు బండి బ్రహ్మాండంగా నడిచింది. ఇరవై పాఠాల్లో పదహారు పూర్తయ్యాయి. అదుగో, అక్కడే ధీమా వచ్చి కూర్చుంది.

గురువారం తొమ్మిదింటికి తువ్వాలు వేసి అల్మారాలోకి దూరాడు. నాలుగు పాఠాలే కదా, ఐదు నిమిషాలు ఫోన్ చూద్దామనుకున్నాడు. ఆ ఐదు నిమిషాలు ఎప్పుడు ఎవరి మాట విన్నాయి గనుక! ఎవరో మురికి కార్పెట్లు కడుగుతుంటే నోరు తెరుచుకుని చూస్తూ మధ్యాహ్నం చేశాడు. తిన్నాక నడుం వాల్చాడు. మొద్దునిద్ర. లేచేసరికి నాలుగు. ఇల్లెంత ప్రశాంతంగా ఉందో అని ఒళ్లు విరుచుకుంటూ బాల్కనీలోకి వచ్చాడు. తువ్వాలు అలాగే వేలాడుతోంది.

చెప్పులైనా వేసుకోకుండా పైకి పరుగెత్తాడు. పిన్ని కిటికీ పక్కన పీట మీద కూర్చుని ఉంది. చుట్టూ బడి పిల్లల యూనిఫారాలు, మర్నాడు పొద్దున్నే ఇవ్వాల్సినవి. చేతిపనంతా ఎప్పుడో అయిపోయి, చొక్కాల పక్క కుట్లు కూడా సూదితోనే వేస్తోంది. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"అయిందా బాబూ?" అంది తలెత్తి. "ఇవాళ నీ గొంతే వినపడలేదు. పాఠం కష్టమేమో, ముందు లోపల్లోపల చదువుకుంటున్నావేమో అనుకున్నా."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. "చదవలేదు పిన్నీ" అన్నాడు తలొంచుకుని. "ఫోన్ చూశాను. నిద్రపోయాను. తువ్వాలు తియ్యడం మర్చిపోయాను."

"ఓరి నీ దుంప తెగ!" సూది ఆగింది.

"ఒక్క కేకైనా వెయ్యకపోయావా పిన్నీ?"

"కేక వేస్తే అది రికార్డులో పడదూ? నా మిషన్ ఆగితే ఎక్కడో పిల్లలు పాఠం వింటారన్నావు. బడి మొహం చూడనిదాన్ని. ఆ మాట నాకు నచ్చింది. అందుకే ఊరుకున్నా."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గు సగం, కృతజ్ఞత సగం. అతని పనిని ఇంతగా ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, అతనే నమ్మలేదు.

"నువ్వు మిషనెక్కు పిన్నీ" అని ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. ఒక చొక్కా చెయ్యి కాల్చబోయి చీవాట్లు తిన్నాడు కూడా. దీపాలు పెట్టే వేళకి యూనిఫారాలన్నీ ఇస్త్రీ అయి మడతల్లోకి చేరాయి.

శుక్రవారం ఫోన్ వంటింటి డబ్బాలోకి వెళ్లింది. తన కోసం పైన ఒక మనిషి మిషన్ ఆపుకుని కూర్చుందని తలుచుకుంటే పేజీ మీంచి చూపు పక్కకి పోతుందా? పాఠం కాగానే పరుగున వెళ్లి తువ్వాలు తీసేవాడు. మళ్లీ పిన్ని కాస్త కుట్టుకున్నాకే వేసేవాడు. శనివారం మధ్యాహ్నానికి ఆఖరి పేజీ అయిపోయింది.

పుస్తకం చివర చదివినవారి పేరు చెప్పాలి. ఆ ముక్క కూడా పూర్తి చేసి, ఇయర్‌ఫోన్లు పట్టుకెళ్లి పిన్ని చెవుల్లో పెట్టాడు. అతని పేరు వినిపించింది. ఆ వెంటనే, "నేను చదివాను. నన్ను చదవనిచ్చింది మా పై అంతస్తులో మిషన్ ఆపి కూర్చున్న కుట్టు పిన్ని. ఈ పాఠాలు మీకు అందాయంటే ఆవిడ చలవే."

పిన్ని ఇయర్‌ఫోన్లని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఉన్నట్టుండి ఉలిక్కిపడింది.

"అయ్యయ్యో, చివర్లో నా మిషన్ చప్పుడు పడిపోయింది బాబూ! తువ్వాలు లేదు కదాని తొక్కేశాను. ఇప్పుడెలా?"

"ఆ ముక్క తువ్వాలు తీసేశాకే రికార్డు చేశాను పిన్నీ. ఆ చప్పుడు కోసమే."

ఆవిడ పీలిక చుట్టిన వేలితో కళ్లు తుడుచుకుంది.

"ఏదీ, మళ్లీ పెట్టు" అంది.