పరమేశ్ పళ్ళకు బదిలీ

పరాయి రాష్ట్రంలోని మగ్గాల పేట బమ్రోలిలో మరమగ్గం నడిపే పరమేశ్ నవ్వితే కుడివైపు పళ్ళు తెల్లగా, ఎడమవైపు పళ్ళు గోధుమ రంగులో కనిపించేవి. ఇది ఒక దంత వైద్య కళాశాలలో జరుగుతున్న పరిశోధన ఫలితం. పొగాకు, వక్క కలిపిన మావా నమిలి రంగు మారిన పళ్ళకు ఒకవైపు తెల్లబరిచే మందు, రెండోవైపు ఉత్త జెల్ పూస్తారు. ఏ వైపు ఏది పూశారో కొలత తీసే డాక్టరుకు తెలియకూడదన్నది నియమం. బమ్రోలిలో అందరికీ తెలిసింది.

పరమేశ్ మావా మానేసి ఏడాది దాటింది. ఆ సంగతి పళ్ళు చెప్పడం లేదు. ఆదివారం అతను నవాగామ్‌లో జమున అనే అమ్మాయిని చూడటానికి వెళ్ళాలి. తంబాకు తినేవాడు వద్దని ఆమె ముందే చెప్పి పంపింది. గురువారం చివరి కొలత ఇస్తే శుక్రవారం రెండోవైపు కూడా మందు పూస్తారు. కొలతకు రాకపోతే పేరు కొట్టేస్తారు.

గురువారం మగ్గాల యజమాని సేఠ్ సెలవు ఇవ్వలేదు. మగ్గాల దగ్గర ఇలాంటి ఇబ్బందికి ఒక పద్ధతి ఉంది. పనికి రాలేని మనిషి తన బదులు ఇంకొకరిని పంపుతాడు. అతన్ని బదిలీ అంటారు. పరమేశ్ మగ్గం మీదికి బదిలీ కోసం వెతికాడు. దొరకలేదు. దాంతో ఆస్పత్రికి బదిలీని పంపాడు.

గదిలో తనతో ఉండేవాళ్ళలో చిరంజీవిని ఎంచుకున్నాడు. చిరంజీవికి సచిన్ అనే పారిశ్రామిక వాడలో రాత్రి షిఫ్టు, పగలు ఖాళీ. పైగా మావా ముట్టడు. గదిలో అందరికంటే మంచి పళ్ళు అతనివే. పనికిమాలిన బదిలీని పంపితే మర్యాదగా ఉండదని పరమేశ్ అనుకున్నాడు.

పరిశోధన చేస్తున్నది డాక్టర్ ప్రవల్లిక, అక్కడ స్థిరపడిన తెలుగు రైల్వే ఉద్యోగి కూతురు. ఆమె పరమేశ్ పేరు పిలిచింది. ముఖానికి రుమాలు కట్టుకున్న మనిషి వచ్చి కుర్చీలో కూర్చుని, రుమాలు దించి, నోరు తెరిచాడు. ఆమె నమూనా పళ్ళ పట్టీ పక్కన పెట్టి రంగు పోల్చింది. రెండు వైపులా తెలుపే. అంటే ఉత్త జెల్ పూసిన వైపు కూడా తెల్లబడింది. ఆమె వెళ్ళి ప్రొఫెసర్ ఉమాకాంత్‌ను పిలుచుకొచ్చింది. ఆ జెల్‌లో ఏముందని ఆయన అడిగాడు. ఏమీ లేదని చెప్పింది. ఆయన పరమేశ్ పాత ఫోటో తెమ్మన్నాడు. ఫోటోలో ముందరి రెండు పళ్ళ మధ్య సందు ఉంది. కుర్చీలోని నోట్లో లేదు.

"మీరు పరమేశేనా?" అని ప్రవల్లిక అడిగింది.

"కాదు మేడం. ఆయన బదిలీని. ఆయన డ్యూటీల ఉన్నడు."

"పళ్ళకు బదిలీ ఏమిటండీ?"

"మగ్గం మీదికైతే పని అచ్చినోడు గావాలె మేడం. గీడ నోరు తెరుసుడే గద. ఎవరు తెరిస్తేంది?"

ఉమాకాంత్ పరమేశ్ పేరు కొట్టేయించాడు. ఇంత శుభ్రమైన పళ్ళు పరిశోధనకు పనికిరావని చెప్పి చిరంజీవిని పంపేశాడు. డాక్టర్లు తన పళ్ళను మెచ్చుకున్నారని చిరంజీవి గదికి వచ్చి చెప్పాడు.

ఆదివారం జమున ఇంట్లో పరమేశ్ ఎడమ చెంప గోడ వైపు ఉండేలా కూర్చున్నాడు. ఆమె తల్లి నర్సవ్వ అడిగినవాటికి పెదవులు సగమే కదిలించి జవాబు చెప్పాడు. జమున లేచి, పీట జరుపుకొని, గోడకూ అతనికీ మధ్య కూర్చుంది. ఇక దాచడానికి లేదు. పరమేశ్ జరిగిందంతా చెప్పాడు, చిరంజీవిని పంపిన సంగతితో సహా. నర్సవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జమున నవ్వలేదు.

"రెండు దిక్కుల తెల్లగుంటే, ఎన్నడు తినలేదని చెప్పేటోనివా?"

పరమేశ్ ఆలోచించాడు. "చెప్పేటోన్ని."

"ఇప్పుడు?"

"మానేసిన. కావాలంటే చిరంజీవిని అడుగు."

"ఆయన్నేం అడుగుడు. నువ్వు చెప్పినవ్ గద." ఆమె అతని ఎడమవైపు పళ్ళను ఇంకోసారి చూసింది. "పెండ్లి ఫోటోలల్ల మాత్రం కుడి చెంపే కనవడాలె."

తల్లిని చాయ్ పెట్టమంది. పరిశోధనలో ఉన్నవాళ్ళు చాయ్ తాగకూడదు. పరమేశ్ ఇప్పుడు అందులో లేడు. రెండు కప్పులు తాగాడు.