నాలుగడుగుల ఆరంగుళాలు

నేను ఒక గోల్‌పోస్టును. ఖచ్చితంగా చెప్పాలంటే, ఒక గోల్‌పోస్టు ఎడమ నిలువుకొయ్యలో చెదలు తినగా మిగిలిన ఆరడుగుల ముక్కను. ఖచ్చితత్వం నాకు వృత్తిరీత్యా అబ్బిన జబ్బు. ముప్పై ఏళ్ళు గీత మీద నిలబడినదానికి ‘దాదాపు’ అనే మాట సహించదు. ఇప్పుడు స్టేడియం వెనక రేకుల గదిలో, చిరిగిన వలలకూ కాళ్ళు విరిగిన కుర్చీలకూ మధ్య పడి ఉన్నాను. నా మీద ఒక ఎర్రగీత ఉంది. దాని కథ మీరు వినాలి. వినడానికి మీకు తీరిక ఉందో లేదో నేను అడగను. నన్ను కూడా ఎవరూ ఏదీ అడగలేదు.

మంచిర్యాల అడవి టేకు మాది. సికింద్రాబాదు కోతమిల్లులో నన్ను నలుపలకలుగా చెక్కి, తెల్లరంగు పూసి, కంటోన్మెంటు అంచున ఉన్న ఫుట్‌బాల్ మైదానంలో పాతారు. నా పని నిలబడటం. బంతి నాకు ఇటు పోతే వేలమంది ఒకరినొకరు కౌగిలించుకునేవారు. అటు పోతే ఆ వేలమందే ఒకరి తల్లిని ఒకరు తలచుకునేవారు. నాకు తగిలి వెనక్కి వస్తే మాత్రం, ఆ తిట్లన్నీ నాకే. మనుషుల న్యాయంలో ఇది నాకు మొదటి పాఠం: కదిలినవాడిని వదిలేసి, కదలనిదాన్ని నిందిస్తారు.

అలా నన్ను నిందించినవారిలో ముఖ్యుడు పాండురంగం. ఒక లీగు ఫైనల్లో, ఆట ముగియడానికి రెండు నిమిషాల ముందు, ఆయన ఎడమకాలితో కొట్టిన బంతి నా అంచుకు తగిలి బయటికి పోయింది. ఒక అంగుళం లోపలికి వచ్చి ఉంటే గోలు. ఆ అంగుళమే లోపలికి వచ్చి ఉంటే తాను రాష్ట్ర జట్టులో ఉండేవాణ్ణనీ, పెద్ద ఉద్యోగం దొరికేదనీ, జీవితం మరోలా ఉండేదనీ ఆయన ఆ తరువాత ఇరవై ఏళ్ళు చెప్పాడు. నేను కదలలేదు. బంతే వచ్చింది. కానీ ఒక మనిషి తన ఓటమికి కారణం వెతుక్కున్నాక, దాన్ని అతని చేతిలోంచి లాక్కోవడం ఎవరి తరమూ కాదు.

తరువాత ఇనుప పోస్టులు వచ్చాయి. నన్ను పీకేశారు. మైదానం చుట్టూ కాంక్రీటు గ్యాలరీలు లేచాయి. తూర్పు గ్యాలరీ కింద క్లబ్బువారు ఒక బారు తెరిచారు. మ్యాచ్‌కు రెండు గంటల ముందు తెరుస్తారు, ఆట మొదలయ్యేదాకా పోస్తారు. ఆట చూడడానికి వచ్చినవాళ్ళు ఆట కనిపించని గదిలో కూర్చుని ఆట గురించి మాట్లాడుకోవడం అక్కడి ఆచారం.

ఆదివారాలు తండ్రులతో పిల్లలు కూడా వచ్చేవారు. వాళ్ళను ఏమి చేయాలన్న ప్రశ్న పుట్టింది. పిల్లలను బారులోకి రానివ్వకూడదని చట్టం చెప్పే నోటీసు గోడ మీద ఉండేది. దాని మీద క్యాలెండరు తగిలించారు. ఆ పైన క్లబ్బు కమిటీ అదే గదిలో సమావేశమైంది. నేను అప్పటికి మూలకు ఆనించి ఉన్నాను కనుక అంతా విన్నాను.

“పిల్లలు పక్కనుంటే మగవాళ్ళు నోరు అదుపులో పెట్టుకుంటారండీ. ఒక కుటుంబ వాతావరణం వస్తుంది,” అన్నాడు కార్యదర్శి భగవంతరావు.

“బయట నిలవెడితే తప్పిపోతరు సార్. పోయినసారి ఒక పోరడు లారీల నడుమ దొరికిండు,” అన్నాడు ఒక సభ్యుడు. “లోపల కూసుంటే కండ్ల ముందరుంటరు.”

“ఎవరి కండ్ల ముందర? నాలుగో గ్లాసు తర్వాత నీకు నీ చెయ్యే కనవడదు!”

అందరూ నవ్వారు. నవ్వుతో ఆ వాదన ముగిసింది. ‘బిడ్డ లోపలికి రావచ్చా?’ అని గంటన్నర చర్చించారు. ‘తండ్రి బయట ఉండవచ్చా?’ అని ఒక్కరూ అడగలేదు. పెద్దవాళ్ళ నడవడికి కాపలాగా పిల్లలను కూర్చోబెట్టే ఏర్పాటుకు ‘కుటుంబ వాతావరణం’ అని పేరు పెట్టి, మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు.

అయితే అందరు పిల్లలనూ రానివ్వడం బాగుండదట. కాస్త ‘అర్థమయ్యే వయసు’ వచ్చినవాళ్ళు వద్దట. వయసు తేల్చేది ఎలా? పుట్టినతేదీ కాగితాలు ఎవరు తెస్తారు? “బస్సుల అర టికెట్టుకు చూసిన తీరు ఎత్తు చూడుండ్రి,” అన్నాడెవరో. భగవంతరావు మనవణ్ణి పిలిచి నిలబెట్టారు. నాలుగడుగుల ఐదంగుళాలు వచ్చాడు. అందువల్ల అర్థమయ్యే వయసు నాలుగడుగుల ఆరంగుళాల దగ్గర మొదలవుతుందని కమిటీ తీర్మానించింది. నన్ను బారు గుమ్మం పక్కన, రోడ్డు వైపుకు ముఖంగా నాటి, ఆ ఎత్తున ఎర్రరంగు గీత గీశారు. గీతకు దిగువన ఉంటే లోపలికి, దాటితే బయటికి. ముప్పై ఏళ్ళు మైదానం చూసిన నేను, ఆ రోజు నుంచి దానికి వీపు తిప్పుకుని, మళ్ళీ లోపలా బయటా తేల్చే పనిలో పడ్డాను.

కొలిచేవాడు వాకిలి కాపలాదారు ఆగయ్య. పిల్లను నాకు వీపు ఆనించి నిలబెట్టి, అరచేయి నెత్తి మీద అడ్డంగా పెట్టి చూసేవాడు. ఆయన చూపు మంచిది. కనుక దాన్ని పొదుపుగా వాడేవాడు.

పాండురంగం కూతురు నవనీత మొదటిసారి నా దగ్గర నిలబడినప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. గీతకు చాలా దిగువన ఉంది. దాని తల్లి సులోచన ఆస్పత్రిలో నర్సు. ఆదివారాలు డ్యూటీ.

“అమ్మ చెప్పింది, డాడీని చూస్కో అని,” అంది పిల్ల, ఎవరూ అడగకుండానే.

ఆగయ్య నవ్వాడు. “ఉల్టా చెప్తున్నవ్ బిడ్డా. నిన్ను సూస్కోమని డాడీకి చెప్పి ఉంటది.”

“కాదు. నాకే చెప్పింది.”

చూసుకునే పద్ధతిని అది తానే కనిపెట్టుకుంది. లోపలికి వెళ్తూనే తండ్రి దగ్గర స్కూటరు తాళంచెవి అడిగి పిడికిట్లో పెట్టుకునేది. రెండు గ్లాసులు అయ్యేదాకా ఊరుకునేది. మూడోదానికి ఆయన చెయ్యెత్తగానే దానికి కడుపునొప్పి వచ్చేది. ఆయన విసుక్కుంటూ లేచి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకువచ్చేవాడు. రెండేళ్ళలో ఆ పిల్లకు పదిహేడుసార్లు కడుపునొప్పి వచ్చింది. “చూశారా, పిల్లలుంటే పెద్దలు ఎలా హద్దులో ఉంటారో,” అని భగవంతరావు తన తీర్మానాన్ని మెచ్చుకున్నాడు.

కానీ పిల్లలు పెరుగుతారు. కమిటీ ఆలోచించని విషయం అది. పదకొండో ఏట నవనీత తల ఎర్రగీతను తాకింది. ఆ ఆదివారం ఆగయ్య అరచేయి దిగుతుండగా, దాని వీపు నా మీద మెల్లగా కిందికి జారడం నాకు తెలిసింది. లంగా లోపల మోకాళ్ళు వంచింది. సరిగ్గా ఒక అంగుళం.

“ఊఁ, పో,” అన్నాడు ఆగయ్య, రోడ్డు వైపు చూస్తూ.

అది మొదలు ప్రతి ఆదివారమూ ఆ పిల్ల వంగేది. ఎదగవలసిన వయసులో తగ్గడం నేర్చుకుంది. దాన్ని తగ్గించే గీత నా ఒంటి మీదే ఉంది. ఒక చెదపురుగైనా వచ్చి ఆ గీత ఉన్నచోటు తినిపోతే బాగుండునని కోరుకున్నాను. మనం పిలిచినప్పుడు చెదలు రావు.

ఆ ఆషాఢంలో ఒక ఆదివారం, పెద్ద మ్యాచ్‌కు ముందు పన్నెండేళ్ళలోపు ఆడపిల్లల ఆట పెట్టారు. నలభై నిమిషాలు. నవనీత ఒక జట్టులో ఉంది. నాలుగైదు వారాలుగా ఆ పిల్ల ఆగయ్యకు చెబుతున్నది ఒకటే మాట: “ఆ రోజు డాడీ లోపలికి పోడు. ముందు వరుసల కూసుంట అన్నడు. ఒట్టేసిండు.” ఆట గెలుస్తామా అని అది ఒక్కసారీ అనలేదు. తండ్రి కూర్చోబోయే వరుస గురించే చెప్పేది.

ఆ రోజు నాలుగు దాటాక ఇద్దరూ వచ్చారు. పిల్ల ఆకుపచ్చ జెర్సీలో ఉంది. మేజోళ్ళు మోకాళ్ళదాకా లాక్కుంది. తండ్రి మాత్రం తిన్నగా బారు గుమ్మం దగ్గరికే నడిచాడు.

“డాడీ, అటు. గేటు అటుంది.”

“ఒక్కటే బిడ్డా. గొంతు తడుపుకొని వస్త. ఇంక అర్ధగంట ఉంది గద. నువ్వు గూడ రా, కూసో.”

పిల్ల వచ్చి నాకు ఆనుకుంది. దాని వీపు మీది రబ్బరు అంకె, చల్లగా, నా ఒంటికి అతుక్కుంది. ఏడు. ఆగయ్య అరచేయి లేచింది. పిల్ల వంగలేదు.

పాండురంగం దాని చెవి దగ్గరికి వంగాడు. “వంగు బిడ్డా,” అన్నాడు మెల్లగా. “ఎప్పుడూ వంగుతవ్ గద, జర వంగు.”

అన్నాళ్ళూ అది తన రహస్యమనుకుంది. తండ్రికి తెలియకుండా తండ్రిని కాస్తున్నాననుకుంది. ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ వీపు నా మీద ఒక్కసారి బిగుసుకోవడం, తరువాత మడమల నుంచి మెడదాకా నిటారుగా సాగడం నాకు తెలిసింది. అంత నిటారుగా నా దగ్గర నిలబడ్డ మనిషిని నేను మైదానంలో కూడా చూడలేదు.

ఆగయ్య గీత వైపు చూశాడు. ఈసారి కళ్ళు వాడక తప్పలేదు. “దాటింది, పాండన్నా.”

“ఏందే, గింతే గద! అంగుళం!”

“అంగుళమే. దాటింది. బిడ్డ ఆట సూడు పోరాదే, పాండన్నా. ఈ బారు యాడికి పోతది?”

పాండురంగం గుమ్మంలో నిలబడ్డాడు. ఒక కాలు గడపకు లోపల, ఒక కాలు బయట. నేను పుట్టిబుద్ధెరిగినప్పటి నుంచి ఎరిగిన నియమం ఒకటే: బంతి మొత్తం గీత దాటితేనే గోలు, పావువంతు ఇవతల ఉన్నా కాదు. ఆ రెండు క్షణాలు ఆయన ఇంకా ఇవతలే ఉన్నాడు. పిల్ల ఆయన కాళ్ళ వైపే చూస్తోంది. ఎప్పటిలాగా తాళంచెవి కోసం చెయ్యి చాచింది. ఆయన నవ్వి, ఆ చేతిలో తన చెయ్యి కలిపి ఊపాడు.

“ఆటగాళ్ళకు తాళాలేంది ఇయ్యాల? నువ్వు పోయి తయారుగుండు. ఐదు నిమిషాలల్ల ముందు వరుసల ఉంట.”

రెండో కాలు కూడా లోపలికి పోయింది.

బారు గుమ్మం నుంచి మైదానం కనిపించదని చెప్పాను. నాకు వినిపించినదే చెబుతాను. ఈల మోగింది. పిల్లల కేకలు సన్నగా, పిచ్చుకల మందలా లేచాయి. లోపల పాండురంగం గొంతు పెరిగింది. మూడో గ్లాసుకు ఎవరికీ కడుపునొప్పి రాలేదు. నాలుగోదానికి ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి, ఒక కొత్త మనిషి భుజం మీద చెయ్యి వేసి, నా మీద చరిచాడు.

“గిదే తమ్మీ, గిదే కట్టె! రెండు నిమిషాలున్నది ఆటకు. ఎడమ కాలు. గోల్‌కీపర్ కింద పడ్డడు. ఇంకేంది, అయిపోయింది అనుకున్న...”

సరిగ్గా అప్పుడు గ్యాలరీ మీద ఒక్కసారిగా కేక లేచింది. గుమ్మం పైనున్న మైకు గరగరమంది: “గోల్! ఆకుపచ్చ జట్టు! ఏడో నంబరు!”

“ఏందా లొల్లి?” అన్నాడు పాండురంగం.

“ఆడపిల్లల ఆట, గోలయింది,” అన్నాడు ఆగయ్య. “పాండన్నా, నీ బిడ్డ నంబరెంత?”

“ఏమో. ఇనరాదే. గోల్‌కీపర్ కింద పడ్డడు. కొట్టిన. ఈ అంచుకు తగిలింది. అంగుళం తమ్మీ, అంగుళం!”

నంబరు నాకు తెలుసు. అది నా ఒంటికి అతుక్కుని ఇంకా గంట కాలేదు. ఆ గుమ్మంలో అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు నోరు లేదు.

ఆట ముగిశాక పిల్ల వచ్చింది. మోకాలి మీద బురద, చెవుల పక్కన చెమట. లోపలికి రాలేదు. గడపకు ఇవతల, నా పక్కన నిలబడింది.

“అయిపోయిందా?” పాండురంగం తడబడుతూ వచ్చాడు. ఆయన ముఖంలో సిగ్గు కనిపించింది. అబద్ధం చెప్పను, నిజమైన సిగ్గే. “వస్తనే ఉన్న బిడ్డా, గింతల అయిపోయింది. గోల్ కొట్టినవా?”

పిల్ల ఆయన వైపు చాలాసేపు చూసింది. ఆట నడుమ అంతసేపు ఆగి చూస్తే బంతి కాళ్ళ దగ్గర మిగలదు.

“లేదు,” అంది. “కట్టెకు తగిలి బయటికి పోయింది.”

పాండురంగం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూతుర్ని దగ్గరికి తీసుకుని, రెండో చేత్తో నన్ను బలంగా చరిచాడు. “మన ఇంటికి పగబట్టింది గీ కట్టె. నీకు గూడ! చూసినవా ఆగన్నా, నా బిడ్డకు గూడ!”

ఆకుపచ్చ జెర్సీ మీది ఏడు అంకె ఆగయ్యకు కనిపిస్తూనే ఉంది.

ఆ పిల్ల తండ్రిని కాపాడడానికి అలా అన్నదో, ఆయనకిక ఏదీ ఇవ్వకూడదని అన్నదో, నేను తేల్చలేను. అది నా కొలతకు అందదు. ఆయన జేబులోంచి తాళంచెవి తీసుకుంది. “ఆటోల పోదాం,” అని ఆయనను నడిపించింది. రెండడుగులు వేశాక ఆగి, వెనక్కి వచ్చింది. పుస్తకానికి కాలు తగిలితే చేసినట్టు, రెండు వేళ్ళు నా ఎర్రగీతకు తాకించి కళ్ళకు అద్దుకుంది.

తరువాతి కమిటీ ఆ గీతను ఇంకో రెండంగుళాలు పైకి జరపాలని చర్చించింది. నేను పుచ్చిపోయానని తేలడంతో చర్చ వాయిదా పడింది. నేను ఇక్కడికి వచ్చాను. నా బతుకులో నన్ను చరిచినవాళ్ళు, తిట్టినవాళ్ళు, నా మీద గీతలు గీసినవాళ్ళు చాలామంది పెద్దమనుషులు. క్షమాపణ అడిగింది మాత్రం ఆ పిల్ల ఒక్కతే.